ఏజెంటు మరచిపోయినా జరిమానా యజమానికే: ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చిన తెలుగువారికి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఉద్యోగం మీద ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ ఇల్లు కొనుక్కుని, తర్వాత హైదరాబాదుకో బెంగళూరుకో వచ్చేసిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇల్లు అమ్మకుండా, అద్దె వ్యవహారాలు చూసే లెటింగ్ ఏజెంటుకు అప్పగించి వస్తారు. నెలనెలా అద్దె బ్యాంకులో పడుతున్నంత కాలం అంతా సవ్యంగానే ఉందనుకుంటారు. ఉన్నట్టుండి ఒకరోజు కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) నుంచి నోటీసో, డిపాజిట్ గురించి లాయరు ఉత్తరమో వస్తుంది. ఫోన్ చేస్తే ఏజెంటు ‘చూస్తున్నాం’ అంటాడు. గ్యాస్ తనిఖీ జరగకపోయినా, డిపాజిట్ గడువులోగా భద్రపరచకపోయినా అక్కడి చట్టం ముందు పట్టుకునేది యజమానినే. ఏజెంటు చేశాడనుకున్నానంటే అది సమాధానం కాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను. విదేశాల్లో ఇళ్లున్న మీ పాఠకులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మొదట తెలుసుకోవలసింది, ఇంగ్లండ్‌లో లెటింగ్ ఏజెంటుగా బోర్డు పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ లైసెన్సు కావాలి, స్కాట్లాండ్‌లో రిజిస్టరులో పేరుండాలి. ఇంగ్లండ్‌లో ఆ రెండూ లేవు. అక్కడ తప్పనిసరిగా ఉండాల్సినవి వేరే ఉన్నాయి. 2014 అక్టోబరు 1 నుంచి ప్రతి ఏజెంటూ ప్రభుత్వం ఆమోదించిన ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యుడై ఉండాలి. అలాంటివి ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్, ప్రాపర్టీ రిడ్రెస్. 2019 ఏప్రిల్ 1 నుంచి, ఖాతాదారుల డబ్బు చేతిలో పెట్టుకునే ప్రతి ఏజెంటుకూ క్లయింట్ మనీ ప్రొటెక్షన్ (ఖాతాదారుల డబ్బుకు రక్షణ పథకం) ఉండాలి. ఇది లేకపోతే జరిమానా 30,000 పౌండ్ల దాకా ఉంటుంది. ఏజెంటు అద్దె డబ్బు మింగేసినా, దివాలా తీసినా యజమానికి ఎంతో కొంత తిరిగి వచ్చే ముఖ్యమైన దారి ఈ రక్షణే.

ఏజెంటు వెబ్‌సైటు అడుగున ఈ సంస్థల లోగో కనిపించినంత మాత్రాన నమ్మకండి. సభ్యత్వం పోయినా లోగో అలాగే ఉండిపోతుంది. ఆ సంస్థ సైటుకే వెళ్లి కంపెనీ పేరు వెతకాలి. ఇక్కడే ఒక చిక్కుంది. దుకాణం బోర్డు మీద ఒక పేరు, ఒప్పందం మీద ఇంకో పేరు, అద్దె వసూలు చేసే బ్యాంకు ఖాతాకు మూడో పేరు ఉంటుంది. రక్షణ పత్రం మొదటి పేరు మీద ఉండి, డబ్బు మూడో పేరు మీద ఉన్న ఖాతాలోకి పోతుంటే, ఆపద వచ్చిన రోజు ఆ పత్రం ఆదుకుంటుందని చెప్పలేం. మూడూ ఒకే కంపెనీవని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. కంపెనీల నమోదు కార్యాలయమైన కంపెనీస్ హౌస్ సైటులో ఉచితంగా చూడొచ్చు: వార్షిక లెక్కలు గడువులోగా దాఖలు చేశారా, అదే డైరెక్టరు ఇంతకు ముందు ఎన్ని కంపెనీలు తెరిచి మూసేశాడు అని. పావుగంట పని.

‘గ్యారంటీడ్ రెంట్’ పేరుతో వచ్చేవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇల్లు ఖాళీగా ఉన్నా నెలకింత ఇస్తామంటారు. వాళ్లు ఏజెంట్లు కారు. మీ ఇంటిని తామే అద్దెకు తీసుకుని, గదులుగా విడగొట్టి మళ్లీ అద్దెకిస్తారు. వాళ్లు మీకిచ్చేది వాళ్ల సొంత డబ్బు కాబట్టి క్లయింట్ మనీ రక్షణ దానికి వర్తించదు. ఒకటికంటే ఎక్కువ కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకు మించి ఉండి వంటగదో స్నానాలగదో కలిసి వాడుకుంటుంటే ఆ ఇంటికి హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్) లైసెన్సు తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు ముగ్గురున్నా అడుగుతాయి. లైసెన్సు లేకుండా నడిపితే, అద్దెకున్నవాళ్లు కట్టిన అద్దె తిరిగి ఇప్పించమని ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇంతకు ముందు ఆ ఆదేశం మధ్యవర్తి కంపెనీ మీదే పడేది. 2025 నాటి రెంటర్స్ రైట్స్ చట్టం దాన్ని అసలు యజమాని దాకా తెచ్చింది. బ్యాంకు రుణం షరతులు, ఇంటి బీమా షరతులు కూడా ఇలాంటి ఏర్పాటును చాలావరకు ఒప్పుకోవు. దూరాన ఉండే యజమానికి ఈ ఏర్పాటు వద్దని నేను గట్టిగానే చెబుతాను.

ఇక ఫీజులు. నెలకు 1,200 పౌండ్ల అద్దె వచ్చే ఇంటికి ‘12 శాతం ప్లస్ వ్యాట్’ అంటే 144 పౌండ్ల మీద 20 శాతం వ్యాట్ 28.80 కలిపి 172.80. అంటే 14.4 శాతం, ఏడాదికి 2,073.60. ఇది పైకి కనిపించేది. కనిపించనిది ఒప్పందం చివరి పేజీల్లో ఉంటుంది. 2019 జూన్ 1న టెనెంట్ ఫీజ్ చట్టం వచ్చాక, అద్దెకొచ్చేవాళ్ల దగ్గర రిఫరెన్సు ఫీజనీ అడ్మిన్ ఫీజనీ వసూలు చేయడం ఆగిపోయింది. ఆ భారమంతా యజమాని వైపు తిరిగింది. ఇన్వెంటరీకి (ఇంట్లోని సామాను, దాని స్థితి రాసే జాబితాకు) ఇంత, డిపాజిట్ నమోదుకు ఇంత, మరమ్మతు ఏర్పాటు చేసినందుకు బిల్లులో పది శాతం అంటూ వేస్తారు. సంతకానికి ముందే ఈ పట్టీ అంతా వ్యాట్‌తో కలిపి ఒక్క కాగితం మీద ఇమ్మనండి. ఫీజుల పట్టీని కార్యాలయంలోనూ వెబ్‌సైటులోనూ పెట్టాలని 2015 వినియోగదారుల హక్కుల చట్టమే చెబుతోంది కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

రెన్యువల్ ఫీజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒప్పందాన్ని పొడిగించినప్పుడల్లా ఏజెంటు మళ్లీ కమిషన్ తీసుకోవడం పాత అలవాటు. అలాంటి షరతును సన్నటి అక్షరాల్లో దాచి, మామూలు వినియోగదారుడైన యజమాని మీద రుద్దడం అన్యాయమని 2009లోనే అక్కడి హైకోర్టు తీర్పిచ్చింది. 2026 మే 1 నుంచి గడువు పెట్టి అద్దెకిచ్చే పద్ధతే పోయింది. నెలనెలా సాగే అద్దె ఒక్కటే మిగిలింది, పొడిగించడానికి ఒప్పందమంటూ లేదు. అయినా పాత ఒప్పందాన్ని పట్టుకుని ఎవరైనా ఆ ఫీజు వేస్తే, ఏ పని చేసినందుకో రాతపూర్వకంగా చెప్పమనండి. అద్దె పెంచాలన్నా ఇప్పుడు ఒకటే దారి: ఏడాదికి ఒకసారి, రెండు నెలల ముందు, 1988 నాటి హౌసింగ్ చట్టం సెక్షన్ 13 కింద నిర్ణీత ఫారంలో నోటీసు. ఒప్పందంలో చూడాల్సిన షరతులు ఇంకో రెండు ఉన్నాయి. అద్దెకున్న మనిషే ఆ ఇల్లు కొంటే ఏజెంటుకు కమిషన్ ఇవ్వాలనేది ఒకటి. తాను తెచ్చిన మనిషి ఇంట్లో ఉన్నంత కాలం, ఏజెంటును మాన్పించినా కమిషన్ ఇస్తూనే ఉండాలనేది రెండోది. రెండోది ఉంటే కొట్టేయించండి. ఒప్పుకోకపోతే ఇంకో ఏజెంటును చూసుకోవడం మేలు.

మాట నిలబెట్టుకోని ఏజెంటు ముందుగా దొరికేది లెక్కల దగ్గరే. నెలవారీ స్టేట్‌మెంటులో చాలామంది చివరి అంకె ఒక్కటే చూస్తారు. చూడాల్సింది తేదీలు. అద్దె కట్టాల్సిన తేదీ, అద్దెకున్నవాళ్లు కట్టిన తేదీ, మీకు పంపిన తేదీ అని మూడు ఉండాలి. మధ్య తేదీ లేని స్టేట్‌మెంటు ఒప్పుకోకండి. ఒకరి అద్దెతో ఇంకొకరికి సర్దుతున్న ఏజెంటు దగ్గర మొదట జరిగేది మీ డబ్బు వచ్చే రోజు వెనక్కి జరగడం. ఈ నెల 4, వచ్చే నెల 9, ఆ పై నెల 17. తర్వాత మొత్తం రెండు ముక్కలుగా వస్తుంది, లేదా కొత్త ఖాతా నుంచి వస్తుంది. బ్యాంకు సమస్య అంటారు. ఆ దశలో అద్దెకున్నవాళ్లకు మర్యాదగా ఒక మెయిల్ పెట్టి, ఏ తేదీన ఏ ఖాతాకు కట్టారో అడగాలి. వాళ్లు 1వ తేదీనే కట్టేస్తుంటే విషయం తేలిపోయినట్టే. నిజంగానే వాళ్లు బాకీ పడినా ఈ తేదీలే అక్కరకొస్తాయి. అద్దె బాకీ మీద ఇల్లు తప్పనిసరిగా ఖాళీ చేయించాలంటే ఇప్పుడు మూడు నెలల బాకీ ఉండాలి, నాలుగు వారాల నోటీసివ్వాలి. తేదీల లెక్క తప్పితే కేసు కోర్టులో నిలవదు.

డిపాజిట్ విషయంలో ఏజెంటు మాట మీద ఆధారపడనే కూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్లకు లోపుంటే ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. నెలకు 1,200 అయితే 1,384 పౌండ్లు. డబ్బు అందిన 30 రోజుల్లో ఆమోదం ఉన్న పథకంలో భద్రపరిచి, నిర్ణీత సమాచార పత్రాన్ని అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలి. పథకాలు మూడు: డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్. ఒక్కరోజు ఆలస్యమైనా కోర్టు డిపాజిట్‌కు ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా చెల్లించమనవచ్చు. పై ఉదాహరణలో అది నాలుగు వేల పౌండ్లు దాటుతుంది. చాలామంది ఏజెంట్లు పథకంలో నమోదు చేస్తారు కానీ సమాచార పత్రం ఇవ్వరు, లేదా ఇచ్చి సంతకం తీసుకోరు. రెండూ జరిగితేనే బాధ్యత తీరినట్టు. నమోదు సంఖ్య అడిగి, పథకం వాళ్ల దగ్గర మీరే సరిచూసుకోండి. ఈ పథకాల్లో రెండు రకాలున్నాయి. బీమా రకంలో డబ్బు ఏజెంటు దగ్గరే ఉంటుంది, కస్టోడియల్ రకంలో పథకం దగ్గర ఉంటుంది. కస్టోడియల్‌కు రుసుము లేదు. దాన్నే అడగండి, యజమానిగా మీ పేరు నమోదు చేయించండి.

గ్యాస్ తనిఖీ ఏడాదికొకసారి జరగాలి. ఆ పత్రం నకలు తనిఖీ జరిగిన 28 రోజుల్లో అద్దెకున్నవాళ్లకు చేరాలి, కొత్తగా వచ్చేవాళ్లకైతే ఇంట్లో దిగే ముందే ఇవ్వాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఏజెంటు పనిని ఇంజనీరుకు పంపి తన కంప్యూటర్లో ‘అయిపోయింది’ అని గుర్తు పెట్టుకుంటాడు. ఇంజనీరు వెళ్తే తలుపు తీసేవాళ్లుండరు. చీటీ పెట్టి వెళ్లిపోతాడు. మీకు మాత్రం పూర్తయిందని మెయిల్ వస్తుంది. కాబట్టి మెయిల్ కాదు, పత్రమే తెప్పించుకోండి. అందులో ఇంజనీరు గ్యాస్ సేఫ్ (గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక రిజిస్టరు) నంబరు ఉంటుంది. గ్యాస్ సేఫ్ రిజిస్టర్ సైటులో కొట్టి చూడండి. ఇంట్లో బాయిలరు, స్టవ్వు, గ్యాస్ ఫైర్ మూడూ ఉంటే పత్రంలోనూ మూడూ కనిపించాలి. గడువు ముగియడానికి రెండు నెలల ముందు తనిఖీ చేయించినా పాత తేదీయే కొనసాగుతుంది, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగాల్సిన పని లేదు.

విద్యుత్ తనిఖీ మామూలుగా ఐదేళ్లకొకసారి. ఆ రిపోర్టులో లోపాలకు కోడ్‌లు వేస్తారు. సీ1 (ప్రమాదం ఉంది), సీ2 (ప్రమాదం రావచ్చు), ఎఫ్‌ఐ (ఇంకా పరిశీలించాలి), వీటిలో ఏది ఉన్నా రిపోర్టు ఫెయిలైనట్టు, 28 రోజుల్లో సరిచేయించాలి. సీ3 అంటే చేయిస్తే మంచిదన్న సలహా. దానికోసం పాస్‌ను ఆపరు. కొందరు ఏజెంట్లు సీ3 పనులను కూడా ‘చట్టప్రకారం తప్పనిసరి’ అని రాసి, పెద్ద కొటేషన్ పంపుతారు. అసలు రిపోర్టు చూడందే డబ్బుకు ఒప్పుకోకండి. పొగ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి. గ్యాస్ బాయిలరు లాంటిది ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

మరమ్మతుల్లో ఏజెంటుకు చెప్పకుండా ఖర్చు పెట్టే హద్దు ఒకటి రాసుకుంటారు. 250 పౌండ్లు అనుకుందాం. హద్దు ఉన్నచోట బిల్లులు 240కి, 245కి వస్తుంటే ఆరా తీయాలి. ఏజెంటు తయారుచేసిన బిల్లు కాకుండా పని చేసిన మనిషిచ్చిన అసలు బిల్లు, పనికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో ఉంటేనే చెల్లింపని ఒప్పందంలో రాయించండి. చలికాలంలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు బాయిలరు పని చేయడం లేదని. చాలాసార్లు నీటి ప్రెషర్ తగ్గడమే కారణం. గేజ్ ముల్లు 1 బార్ (ప్రెషర్ కొలత) కంటే కిందికి దిగితే కొన్ని బాయిలర్లు ఆగిపోతాయి. ఫిల్లింగ్ లూప్ (నీళ్లు నింపే గొట్టం) వాల్వు తిప్పి, చల్లగా ఉన్నప్పుడు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య నిలిపితే సరిపోతుంది. మనిషిని పంపే ముందు గేజ్ ఫోటో తెప్పించుకునే ఏజెంటు మీ డబ్బు మిగులుస్తాడు. నెలకోసారి నీళ్లు నింపాల్సి వస్తుంటే మాత్రం ఎక్కడో లీకుంది, అప్పుడు మనిషిని పంపాల్సిందే.

తనిఖీ నివేదికలను పాతదానిలోంచి ఎత్తి రాయడం కూడా ఉంది. దాన్ని పట్టుకోవడానికి తేలికైన ఉపాయం మీటరు రీడింగ్. ప్రతి తనిఖీలో గ్యాస్, కరెంటు మీటర్ల ఫోటోలు తప్పనిసరి చేయండి. మనిషి వెళ్లకుండా ఆ అంకెలు రావు. సింకు కింద, కిటికీ మూలల్లో బూజు, స్నానాలగది సిలికాన్, పొగ అలారం నొక్కి చూసిన సంగతి, ఇవి ఫోటోల్లో కనిపించాలి. ‘ఇల్లు శుభ్రంగా ఉంది’ అన్న ఒక్క వాక్యానికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. అద్దెకున్నవాళ్లకు మీ మెయిల్ ఐడీ ఇచ్చి, ఏజెంటుకు రాసే ప్రతి ఫిర్యాదునూ మీకూ పంపమనండి. తేమ, బూజు ఫిర్యాదులు ఏజెంటు ఇన్‌బాక్సులో నెలల తరబడి పడి ఉండి, చివరికి కౌన్సిల్ అధికారి చేతికి చేరడం యజమానికీ మంచిది కాదు, ఆ ఇంట్లో పిల్లలతో ఉంటున్నవాళ్లకు అసలే మంచిది కాదు. ఇక్కడ యజమానుల వైపు లోపం కూడా చెప్పాలి. కొటేషన్ పంపితే మూడు వారాలు జవాబివ్వని యజమాని దగ్గర ఎంత మంచి ఏజెంటైనా ఏమీ చేయలేడు. అలాగే అందరికంటే తక్కువ శాతం అడిగే ఏజెంటు దగ్గర ఒక్కో ఉద్యోగి ఎన్ని ఇళ్లు చూస్తున్నాడో అడగండి. ఫోన్ ఎందుకు ఎత్తరో ఆ అంకెలోనే తెలుస్తుంది.

విదేశాల్లో ఉండే యజమానికి పన్ను చిక్కు వేరే ఉంది. నాన్ రెసిడెంట్ ల్యాండ్‌లార్డ్ స్కీమ్ ప్రకారం, హెచ్‌ఎంఆర్‌సీ (అక్కడి పన్నుల శాఖ) అనుమతి లేకపోతే ఏజెంటు అద్దెలో ఖర్చులు పోను మిగిలినదానిపై 20 శాతం పట్టుకుని మూడు నెలలకోసారి ప్రభుత్వానికి కట్టాలి. పట్టుకుని కట్టని ఏజెంటు కూడా ఉండవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిశాక జులై 5 లోగా, పన్ను పట్టుకున్నట్టు చూపే ఎన్‌ఆర్‌ఎల్ 6 సర్టిఫికెట్ మీ చేతికి రావాలి. రాకపోతే అదే రోజు అడగండి. ఎన్‌ఆర్‌ఎల్ 1 దరఖాస్తు పెట్టుకుంటే పన్ను పట్టకుండానే అద్దె వస్తుంది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరా ఉంటే ఇద్దరూ విడివిడిగా పెట్టుకోవాలి. ఒక్కరే పెట్టి, రెండో సగంలో కోత ఎందుకు పడుతోందో తెలియక తికమకపడేవాళ్లున్నారు. అనుమతి వచ్చినా పన్ను మాఫీ అయినట్టు కాదు, ఏటా రిటర్న్ దాఖలు చేయాల్సిందే.

చివరికి ఏజెంటును మార్చాల్సి వస్తే, కోపంతో ఫోన్‌లో ‘రేపటి నుంచి వద్దు’ అంటే కుదరదు. ఒప్పందంలో నోటీసు ఎన్నాళ్లో చూసి, మెయిల్‌లోనూ పోస్టులోనూ పంపండి. అదే ఉత్తరంలో అద్దె ఒప్పందం, మొదటి నుంచీ అద్దె లెక్క, డిపాజిట్ పత్రాలు, ఫోటోలతో ఇన్వెంటరీ, గ్యాస్, విద్యుత్, ఈపీసీ (ఇంటి ఇంధన సామర్థ్యం తెలిపే) పత్రాలు, రైట్ టు రెంట్ (అద్దెకొచ్చేవాళ్లకు ఆ దేశంలో అద్దెకుండే హక్కుందా అని చూసే) తనిఖీ నకళ్లు, తాళాల జాబితా తేదీ పెట్టి అడగండి. రైట్ టు రెంట్ నకళ్లను మరవకండి. ఆ బాధ్యత ఏజెంటుదని రాతపూర్వకంగా ఉంటే తప్ప అది యజమానిదే. 2024 ఫిబ్రవరి నుంచి మొదటి తప్పుకే, ఆ హక్కు లేకుండా అద్దెకున్న ఒక్కొక్కరికి 10,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

తర్వాత అద్దెకున్నవాళ్లకు ఉత్తరం. కొత్త ఖాతాకు కట్టమని ఎవరో రాస్తే వాళ్లు మోసమని అనుమానించడం సహజం, అనుమానించాలి కూడా. ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి తీసిన, ఇంటి యజమాని ఎవరో చూపే టైటిల్ రిజిస్టర్ నకలు జతచేసి, వీడియో కాల్‌లో మాట్లాడండి. మీరు చెప్పేదాకా వాళ్లు పాత ఏజెంటుకు కట్టిన అద్దె చెల్లినట్టే లెక్క, మళ్లీ కట్టమనడానికి లేదు. ఆ ఉత్తరంలోనే 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 48 కింద, నోటీసులు పంపడానికి ఇంగ్లండ్ లేదా వేల్స్‌లో ఒక చిరునామా ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఏజెంటు చిరునామాయే అది. ఏజెంటు పోయాక మన ఊరి చిరునామా రాస్తే చెల్లదు. సరైనది ఇచ్చేదాకా అద్దె చట్టప్రకారం బాకీ కిందికి రాదు. కొత్త ఏజెంటుదో, అక్కడుండే బంధువుదో పెట్టండి.

డబ్బు రావలసి ఉంటే ‘ఫార్మల్ కంప్లయింట్’ అని శీర్షిక పెట్టి, నెలవారీగా ఎంత రావాలి, ఎంత వచ్చింది, తేడా ఎంత అని ఒక పట్టిక జతచేసి ఏజెంటుకు పంపండి. ఎనిమిది వారాల్లో తేలకపోయినా, తుది జవాబు నచ్చకపోయినా, అతను సభ్యుడైన పరిష్కార సంస్థకు వెళ్లవచ్చు. ఆ సంస్థ పెట్టిన గడువులోగా వెళ్లాలి. రుసుము లేదు, 25,000 పౌండ్ల దాకా ఇప్పించగలదు. కోర్టయితే 10,000 పౌండ్ల లోపు స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాల) పద్ధతి. ఏజెంటు కార్యాలయం మూసేసినట్టు తెలిస్తే మాత్రం ఈ వరుస పాటిస్తూ కూర్చోకండి. క్లయింట్ మనీ పథకానికి ఆ వారంలోనే దరఖాస్తు పెట్టండి. ఆ పథకాల గడువులు, ఒక్కో కంపెనీకి చెల్లించే మొత్తం మీద హద్దులు పథకాన్ని బట్టి మారుతుంటాయి. అడిగే కాగితాలు మాత్రం ఎక్కడైనా దాదాపు ఇవే: ఏజెంటుతో చేసుకున్న ఒప్పందం, స్టేట్‌మెంట్లు, అద్దెకున్నవాళ్లు డబ్బు పంపినట్టు బ్యాంకు రుజువు.

ఇట్లు,
ఒక పాఠకుడు
రెడింగ్, ఇంగ్లండ్